మాంద్యంలో కొలిమి: చేతి కత్తుల తయారీ, అమ్మకం

చేతితో చేసిన కత్తి అంటే యంత్రం తాకని కత్తి అని కాదు. ఇవాళ ఈ పనిలో ఉన్నవారిలో చాలామంది దగ్గర కరెంటు గ్రైండరు, డ్రిల్లింగ్ మిషను, ఉష్ణోగ్రత చూపించే చిన్న కొలిమి ఉంటాయి. ఒక మనిషి గానీ, ఒక కుటుంబం గానీ ఉక్కు ముక్క దగ్గర నుంచి ఒర దాకా ఒక్కో కత్తినీ విడిగా చేసి, దాని మంచిచెడ్డలకు తామే పూచీ పడితే అది చేతి కత్తి. తయారీకి రెండు దారులున్నాయి. ఉక్కును కాల్చి, సుత్తితో సాగగొట్టి ఆకారం తేవడం పాతది. పలకగా దొరికే ఉక్కును కత్తి రూపానికి కోసి, అక్కర్లేనిదంతా సానపట్టి తీసేయడం 20వ శతాబ్దంలో బాగా పెరిగింది. రెండింటిలోనూ మంచి కత్తులు వస్తాయి. ఏది గొప్పదన్న వాదన కంటే ఎవరు కొంటున్నారన్నదే వ్యాపారానికి ముఖ్యం.

కొనేవారిలో మూడు రకాలు కనిపిస్తారు. కత్తి మీదే పొట్టపోసుకునేవారు ఒకరు: మాంసం దుకాణదారు, గీత కార్మికుడు, హోటల్ వంటమాస్టరు, రైతు. ఉన్న కత్తితో సర్దుకోగలిగినా మంచిదాని మీద ఇష్టం కొద్దీ కొనేవారు రెండో రకం: వేటగాళ్ళు, అడవి బాట పట్టేవారు, ఇంట్లో శ్రద్ధగా వండుకునేవారు. కత్తిని అద్దాల బీరువాలో దాచుకునే సేకర్తలు మూడో రకం. చేతులకు పని తగ్గినప్పుడు ఈ ముగ్గురూ ఒకే తీరుగా వెనకడుగు వెయ్యరు. సేకర్త కొనుగోలు వాయిదా వేస్తాడు, ఒక్కోసారి తన దగ్గరున్నవే అమ్మకానికి పెడతాడు. ఇష్టం కొద్దీ కొనేవాడు ధర తక్కువ రకానికి దిగుతాడు. కత్తితో బతికేవాడు కొత్తది కొనడు గానీ, పాతదానికి పదును పెట్టించుకోక తప్పదు. మాంద్యంలో ఎవరి కొలిమి ఆరిపోతుంది, ఎవరిది మండుతుంది అన్నది చాలావరకు ఈ తేడా మీదే ఆధారపడింది.

ఖర్చు ఎక్కడ పడుతుందో తెలియాలంటే పని జరిగే తీరు చూడాలి. కత్తికి వాడే ఉక్కులో సుమారు 0.6 నుంచి 1 శాతం దాకా కార్బన్ ఉంటుంది. ఆకారం వచ్చాక అలుగును 800 డిగ్రీల సెల్సియస్ దాటేలా కాలుస్తారు. థర్మామీటరు లేని కొలిమిలో ఇందుకు అయస్కాంతమే సాధనం: 770 డిగ్రీల ప్రాంతంలో ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడి నుంచి ఇంకాస్త వేడి చాలు. వెంటనే నూనెలో ముంచుతారు. ఆ క్షణంలో అలుగు ఎంత గట్టిపడుతుందంటే, ఆకురాయి పెట్టి రాస్తే పట్టు దొరక్క జారిపోతుంది. ఈ స్థితిలో నేల మీద పడితే ముక్కలవుతుంది కూడా. అందుకే మళ్ళీ 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటల చొప్పున రెండుసార్లు వేడిచేసి పెళుసుతనం తగ్గిస్తారు. అప్పటికి ఉక్కు మీద ఎండుగడ్డి రంగు వస్తుంది. రాక్‌వెల్ కొలమానంలో 58 నుంచి 60 మధ్య కాఠిన్యం వస్తే వంటింటి కత్తికి సరిపోతుంది.

ఇంత కీలకమైన ఈ పనికి పట్టే మనిషి శ్రమ నిజానికి తక్కువ. గంటలు తినేది నునుపు. గ్రైండరు వదిలిన గీతలను 220 నంబరు ఎమెరీ పేపరుతో అడ్డంగా రుద్ది తీస్తారు. ఆ పేపరు మిగిల్చిన గీతలను 400తో నిలువుగా, వాటిని 600తో మళ్ళీ అడ్డంగా తీస్తారు. చివర్లో అలుగును దీపానికి ఏటవాలుగా పట్టుకున్నప్పుడు మొదటి పేపరు గీత ఒక్కటి కనిపించినా వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాలి. ఈ నునుపుకు కోతతో సంబంధం లేదు. కొనేవాడి కంటికి మాత్రం మొదట కనపడేది అదే, ధరలో పెద్ద వాటా తినేదీ అదే. కష్టకాలంలో దేన్ని తగ్గించుకోవచ్చన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మాంద్యం కత్తుల పరిశ్రమను ఎలా నలుపుతుందో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి కత్తుల పనివారి సంఘం 1624లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. 1740లలో బెంజమిన్ హంట్స్‌మన్ మూసల్లో ఉక్కు కరిగించే పద్ధతి తెచ్చాక ఆ ఊరి సరుకుకు తిరుగులేకుండా పోయింది. పని మూడు చేతులుగా విడిపోయింది: సాగగొట్టేవాడు, సానపట్టేవాడు, పిడి బిగించి కత్తిని పూర్తి చేసేవాడు. వీరిలో చాలామంది ఎవరి దగ్గరా జీతగాళ్ళు కారు. యంత్రశక్తి ఉన్న పెద్ద భవనంలో ఒక గదో, ఒక సానరాయి చోటో అద్దెకు తీసుకుని సొంతంగా చేసుకునే చిన్న యజమానులు. అక్కడివారు వాళ్ళను లిటిల్ మెస్టర్లు అనేవారు.

వ్యాపారం బాగున్న రోజుల్లో ఈ ఏర్పాటు అందరికీ అనుకూలం. బాగోలేనప్పుడు పెద్ద వ్యాపారి ఆర్డరు ఆపేస్తే చాలు, జీతం ఇవ్వాల్సిన అవసరం లేదు. గది అద్దె మాత్రం పనివాడి నెత్తి మీదే ఉంటుంది. దానికి తోడు, ఫ్యాక్టరీల్లో పని పోయినవాళ్ళు తామూ ఒక సానరాయి అద్దెకు తీసుకుని, చేసిన సరుకును వచ్చినకాడికి దళారీకి ఇచ్చేసేవారు. కొనేవారు తగ్గిన రోజుల్లోనే చేసేవారు పెరగడం అంటే ఇది. చేతిపనుల్లో మాంద్యం చేసే అసలు నష్టం ఈ రెండో వైపు నుంచి వస్తుందన్న సంగతి ఆర్థిక చర్చల్లో తగినంతగా కనిపించదు. గిరాకీ పడిపోవడం కొన్నాళ్ళే. పోటీపడి తగ్గించుకున్న ధర మాత్రం చాలాకాలం తిరిగి లేవదు.

1890లో అమెరికా తెచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం షెఫీల్డ్‌కు ఇంకో దెబ్బ. ఆ ఊరి కత్తులకు అమెరికా పెద్ద సంత. జార్జ్ వోస్టెన్‌హోమ్ సంస్థ ఆ సంతను నమ్ముకునే తన ఫ్యాక్టరీకి వాషింగ్టన్ వర్క్స్ అని పేరు పెట్టుకుంది. సుంకం పెరిగాక అమెరికా ఫ్యాక్టరీలు ఆ చోటు ఆక్రమించాయి. ఒకే దేశపు కొనుగోలుదారు మీద బతికే వృత్తికి ఆ దేశం ఒక్క కలం పోటుతో కరువు తేగలదు.

జపాన్ అనుభవం వేరు. 1876లో మెయిజీ ప్రభుత్వం సమురాయ్‌లు నడుముకు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. ఖడ్గాలు చేసే కమ్మరులకు ఆ రోజుతో గిరాకీ పోయినట్టే. సెకి వంటి ఊళ్ళలో వాళ్ళు వంటింటి కత్తులు, కత్తెరలు, మంగలి కత్తులు, జేబు కత్తుల వైపు మళ్ళారు. సకాయ్‌లో ఆ మార్పుకు పునాది ముందే ఉంది: అక్కడి పొగాకు కోసే కత్తులకు తొకుగావా పాలకుల కాలంలోనే నాణ్యతా ముద్ర దక్కింది. చేతిలో ఉన్న విద్య ఒకటే, దాన్ని వాడుకునే చోటు మారింది. మాంద్యానికి ఎదురొడ్డిన చేతిపనులన్నింటిలోనూ ఈ లక్షణం ఉంది.

శతాబ్దం తర్వాత దెబ్బ మారకపు రేటు రూపంలో వచ్చింది. 1985 సెప్టెంబరు ప్లాజా ఒప్పందం నాటికి డాలరుకు 240 దాకా ఉన్న యెన్, 1988 నాటికి 120-130 మధ్యకు బలపడింది. జపాన్‌లో ఖర్చు మారకుండానే అమెరికా దుకాణంలో సెకి కత్తి ధర దాదాపు రెట్టింపు కావలసిన పరిస్థితి. ఎచిజెన్ ప్రాంతంలోని తకెఫు కమ్మరులు అప్పటికే మరో పోరాటంలో ఉన్నారు. అచ్చు కొట్టి తీసే చవక స్టెయిన్‌లెస్ కత్తులు వాళ్ళ సంతను మింగేస్తున్నాయి. 1979లో ఎచిజెన్ కత్తులకు సంప్రదాయ హస్తకళగా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. 1980ల మొదట్లో డిజైనర్ కజువో కవాసాకితో కలిసి వాళ్ళు కొత్త నమూనాలు చేశారు. 1993లో పలు కుటుంబాలు కలిసి తకెఫు నైఫ్ విలేజ్ అనే ఉమ్మడి పనిశాల తెరిచాయి. ఖరీదైన యంత్రాలు అందరివీ, కత్తి మీద పేరు ఎవరిది వారిదే. పనిశాలకు వచ్చినవారు పని జరుగుతుండగా చూడవచ్చు, అక్కడే కొనుక్కోవచ్చు. ఈ సమీక్షలోకి వచ్చిన ఉదాహరణలన్నింటిలో బాగా ఆలోచించి వేసిన అడుగు ఇదే. షెఫీల్డ్ పనివారు ఒకరి ధరను ఒకరు కోసుకున్న చోట, తకెఫు వారు ఖర్చును పంచుకుని ధరను నిలుపుకున్నారు.

అమెరికాలో చేతి కత్తుల వృత్తి ఇప్పుడున్న రూపానికి రావడం కూడా ఒక మహామాంద్యం నీడలోనే మొదలైంది. మిషిగన్‌లో విలియం స్కేగెల్ చేసిన కత్తి ఒకటి చూసి, ఫ్లోరిడాలో బత్తాయి తోటల యజమాని బో రాండల్ 1930ల చివర్లో కత్తులు చేయడం మొదలుపెట్టాడు. తోటల ఆదాయం ఉంది కాబట్టి కత్తి అమ్ముడుపోకపోయినా ఇల్లు గడిచేది. రెండో ప్రపంచయుద్ధం అతని కత్తులకు సైనికుల్లో పేరు తెచ్చింది. 1950ల మొదట్లో రాబర్ట్ లవ్‌లెస్ అనే ఓడ పనివాడు న్యూయార్క్‌లోని అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్ దుకాణానికి రాండల్ కత్తి కోసం వెళితే నెలల తరబడి ఆగాలన్నారు. అతను తుక్కు దుకాణంలో దొరికిన పాత ప్యాకర్డ్ కారు స్ప్రింగు ముక్కతో తన కత్తి తానే చేసుకున్నాడు. తర్వాత అదే దుకాణానికి కత్తులు అమ్మాడు. తెలుగు ఊళ్ళ కొలిమిలో లారీ కమాన్ పట్టీ కత్తి అవుతున్నట్టే, ఆధునిక అమెరికన్ కత్తుల్లో పేరుమోసిన శైలి ఒకటి తుక్కు ఇనుములోంచే పుట్టింది.

1970లో నైఫ్‌మేకర్స్ గిల్డ్, 1976లో బిల్ మోరన్ తదితరుల చొరవతో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఏర్పడ్డాయి. ఈ సొసైటీ పెట్టే పరీక్ష ఆర్థిక కోణంలోనూ విలువైనది. అభ్యర్థి తాను సాగగొట్టిన కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒకే వేటుకు తెంచాలి. అదే కత్తితో రెండంగుళాల మందం, నాలుగంగుళాల వెడల్పు ఉన్న చెక్కను రెండుసార్లు నరికి ముక్కలు చేయాలి. ఆ తర్వాత కూడా వాదర చేతి మీది వెంట్రుకలు గీసేలా ఉండాలి. చివరికి అలుగును పట్టుకొయ్యలో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. డబ్బు తేలిగ్గా దొరికే రోజుల్లో పేరు చూసి కొంటారు. కటకట వచ్చినప్పుడు కొనేవాడు రుజువు అడుగుతాడు, ఈ పరీక్ష నెగ్గిన కమ్మరి దగ్గర అది ఉంటుంది.

2007 డిసెంబరు నుంచి 2009 జూన్ దాకా నడిచిన మాంద్యం ఈ సంతను గట్టిగా పరీక్షించింది. ఎస్ అండ్ పి 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి లోపు సగానికి పైగా కరిగింది. నిరుద్యోగం 2009 అక్టోబరుకు 10 శాతానికి చేరింది. సేకర్త కత్తికి పెట్టే డబ్బు ఇంటి విలువ, వాటాల విలువ పెరగడం వల్ల మిగిలే డబ్బు. ఆ రెండూ ఒకేసారి పడ్డాయి. ఇలాంటప్పుడు ఖరీదైన కత్తులు చేసేవాడికి విచిత్రమైన పోటీదారు ఎదురవుతాడు: నాలుగేళ్ళ కిందట తానే చేసిన కత్తి. డబ్బు అవసరమై సేకర్త దాన్ని కొన్న ధర కంటే తక్కువకు అమ్మకానికి పెడితే, కొత్త కత్తికి పూర్తి ధర పెట్టేవాడు దొరకడు. పది మంది సేకర్తలను నమ్ముకున్నవాడి కంటే, వందమంది వంటవారికీ వేటగాళ్ళకూ మామూలు ధరలో అమ్మేవాడు అందుకే నిలకడగా ఉంటాడు.

2020 కష్టం తీరు ఇంకొకటి. అట్లాంటాలో ఏటా జరిగే బ్లేడ్ షో ఆ సంవత్సరం జరగలేదు. కత్తిని చేతిలోకి తీసుకుని బరువు చూసి కొనే సంతలు మూతపడి, అమ్మకమంతా ఫోటోల మీదికి మళ్ళింది. హోటళ్ళు మూసేయడంతో వంటమాస్టర్లు కొనడం మానేశారు, ఇంటి వంట పెరగడంతో గృహస్థులు ఆ చోటులోకి వచ్చారు.

మాంద్యంలో తయారీదారుకు మొదట తోచే ఉపాయం ధర తగ్గించడం. లెక్క వేస్తే అది ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. ఒక వంటింటి కత్తి 8,000 రూపాయలకు అమ్ముతున్నారనుకుందాం. ఉక్కు, పిడి, గ్రైండరు బెల్టులు, గ్యాసు, కరెంటు, తోలు ఒర, పార్సెలు కలిపి 3,200 అవుతుందనుకుంటే 4,800 మిగులుతుంది. పన్నెండు గంటల పనికి గంటకు 400. ధరను 20 శాతం తగ్గిస్తే 6,400 చేతికొస్తుంది. ఉక్కు కొట్టువాడు, పార్సెలువాడు తగ్గించరు కాబట్టి మిగిలేది 3,200, అంటే గంటకు 267 లోపు. కొనేవాడికి అయిదో వంతు తగ్గితే చేసేవాడి కూలిలో మూడో వంతు పోయింది. పది కత్తులతో వచ్చే 48,000 రావాలంటే ఇప్పుడు పదిహేను కత్తులు చేసి అమ్మాలి, అదీ గిరాకీ తగ్గిన రోజుల్లో. పాత ధరకు కొన్న నమ్మకస్థులు మొహం చాటేయడం ఈ లెక్కలోకి రాని నష్టం.

ధర దించకుండా పని గంటలు దించడం ఇంతకంటే తెలివైన దారి. అద్దంలాంటి నునుపు మానేసి 400 నంబరు దగ్గర ఆపవచ్చు. వీపు భాగాన కొలిమి నల్లదనం అలాగే ఉంచవచ్చు, దాన్ని ఇష్టపడి కొనేవారున్నారు. కొమ్ము, దంతం, రంగులద్దిన కర్ర బదులు తుమ్మ, చింత వంటి చేవగల కలపతో పిడి వేయవచ్చు. పది నమూనాల బదులు మూడే పెట్టుకుంటే పది అలుగులు ఒకే విడతలో కాల్చి చల్లార్చవచ్చు. వేడిమి పనిలో, వాదర పలచదనంలో మాత్రం రవ్వంత కూడా తగ్గించకూడదు. ఆ రెండూ చెడితే కత్తి తిరిగి వస్తుంది, పేరు తిరిగి రాదు.

ఆర్డర్ల పుస్తకం ఇంకో ఉచ్చు. మంచి రోజుల్లో రెండేళ్ళకు సరిపడా ఆర్డర్లు ఉన్నాయని ధైర్యంగా అప్పు చేసి గ్రైండరు కొంటారు. ఆర్డరు ఇచ్చినవాడి ఉద్యోగం పోతే తన వంతు వచ్చేసరికి వద్దంటాడు. ముందే సగం డబ్బు తీసుకున్న చోట పరిస్థితి మరీ ఇరుకు. ఆ సొమ్ము ఇంటి ఖర్చుల్లో కలిసిపోయి ఉంటుంది, కొత్త బయానాలు రావు, సగం డబ్బుకే పూర్తి కత్తులు చేసివ్వాలి. అనుభవం గలవారిలో చాలామంది మామూలు నమూనాకు బయానా తీసుకోరు. కత్తి తయారయ్యాక కబురు పెడతారు, అతను వద్దంటే వరసలో తర్వాతివాడికి పోతుంది. పేరు చెక్కమన్నా, ఇంకెవరికీ పనికిరాని కొలత అడిగినా మాత్రం డబ్బు ముందే తీసుకుంటారు. ఇది సరైన పద్ధతి.

పదును పెట్టే పనిని చిన్నచూపు చూడటం ఈ వృత్తిలో తరచు జరిగే పొరపాటు. అందులో సరుకు ఖర్చు దాదాపు ఉండదు, డబ్బు అక్కడికక్కడే చేతికొస్తుంది. ఫ్యాక్టరీ కత్తికి పదును పెట్టించుకోవడానికి వచ్చినవాడు చేతి కత్తిని చూసేదీ అక్కడే.

దూరదేశాలకు అమ్ముకోవడం ఇంటర్నెట్ వచ్చాక తేలికైంది గానీ, 1890 నాటి ప్రమాదం అందులో అలాగే ఉంది. 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ రోజుల్లో భారత తపాలా శాఖతో సహా పలు దేశాల తపాలా సంస్థలు అమెరికాకు సరుకు పార్సెళ్ళు తీసుకోవడం కొంతకాలం ఆపేశాయి. బ్రిటన్‌లో 2019 నాటి చట్టం ఇళ్ళకు కత్తులు పంపే విషయంలో వయసు తనిఖీ వంటి షరతులు పెట్టింది. భారత్‌లో ఆయుధాల చట్టం కింద నోటిఫై చేసిన ప్రాంతాల్లో తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు, లేదా రెండు అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగుకు లైసెన్సు కావాలి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు, విజ్ఞానశాస్త్ర అవసరాలకు చేసినవాటికి మినహాయింపు ఉంది. వంటింటి కత్తులు, వ్యవసాయ పనిముట్లు చేసేవారికి దీనివల్ల ఇబ్బంది తక్కువ.

తెలుగు నేలకు ఉక్కు విద్య కొత్త కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దం మొదట్లో హెచ్.డబ్ల్యూ. వాయిసీ రాశాడు. ఆ ఉక్కును యూరప్ ఫ్యాక్టరీ ఉక్కు తుడిచిపెట్టింది. ఊరి కమ్మరి మాత్రం నిలబడ్డాడు. కారణం, అతని ఆదాయం సంత మీద కాక కళ్ళం మీద ఆధారపడటం. రైతు నాగలికర్రుకు, కొడవలికి ఏడాది పొడవునా పని చేసిపెట్టి, పంట నూర్చిన రోజున మేర గింజలు కొలిపించుకునేవాడు. ఆ ఏర్పాటులో కుల కట్టుబాటు, తక్కువ కూలి ఉన్నాయి, దాన్ని మెచ్చుకోవాల్సిన పని లేదు. అయినా డబ్బు కరువులో తిండికి పూచీ ఇచ్చింది అదే. ట్రాక్టరు వచ్చి నాగలి పోయి, మేర పోయాక, అతనికి మిగిలింది రొక్కపు సంత ఒక్కటే. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో, రహదారుల పక్క గుడారాలు వేసుకున్న ఉత్తరాది సంచార కమ్మరి కుటుంబాలు కూడా గొడ్డళ్ళు, కత్తులు చేసి అక్కడే అమ్ముతున్నాయి. మగవాడు పట్టకారుతో ఎర్రటి ఇనుమును దాగలి మీద పెట్టి తిప్పుతుంటే ఆడవాళ్ళు సమ్మెట వేస్తారు.

వీళ్ళందరి ముడిసరుకూ ఎక్కువగా లారీ కమాన్ పట్టీయే. కొత్త ఉక్కు కంటే ఎంతో చవక, కత్తికి తగిన ఉక్కే. చిక్కల్లా, ఏ పట్టీలో ఏముందో, లోపల కంటికి కనపడని పగుళ్ళున్నాయో లేదో తెలియకపోవడం. చిన్న ముక్కను కాల్చి, చల్లార్చి, సుత్తితో విరిచి చూస్తే కొంత తెలుస్తుంది. విరిగిన చోట రేణువు సన్నగా, బూడిద రంగులో ఉంటే వేడి సరిపోయింది, పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఎక్కువైంది. ఖర్చులేని ఈ పరీక్ష ప్రతి శిక్షణలోనూ ఉండాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కిందికి వచ్చే 18 వృత్తుల్లో కమ్మరం, ఆయుధాల తయారీ, సుత్తి-పనిముట్ల తయారీ ఉన్నాయి. శిక్షణలో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం ఇస్తారు. పనిముట్ల సాయం నేరుగా ఉపయోగపడేది. రుణం సంగతి వేరు: గిరాకీ లేనప్పుడు తీసుకున్న అప్పు వడ్డీ ఎంత తక్కువైనా బరువే. తకెఫులోలాగా పదిమందికి ఒక పవర్ హ్యామర్, ఒక వేడిమి కొలిమి, ఒక అమ్మకపు గది ఉమ్మడిగా ఉండేలా ఆ డబ్బు వాడితే ఫలితం ఎక్కువ.

తెలుగు కొలిమికి మాంద్యంలోనూ చెదరని గిరాకీ ఒకటుంది, అది గీత కత్తి. తాటిచెట్టెక్కే గౌడు మోకు, ముస్తాదుతో పాటు పట్టుకెళ్ళే ఈ కత్తి రోజూ గెలను పలచటి పొరగా చెక్కాలి. పొర మందమైతే గెల పాడవుతుంది, కల్లు తగ్గుతుంది. అలుగు వంపు, బరువు, పిడి పొడవు ఎవరి చేతికి తగ్గట్టు వారికి ఉండాలి. కాబట్టి గీత కార్మికుడు కొలిమి దగ్గరికే వచ్చి చెప్పి చేయించుకుంటాడు, రెండు చెట్లు గీసి చూసి నచ్చకపోతే మళ్ళీ తెచ్చి సరిచేయించుకుంటాడు. ఏ ఫ్యాక్టరీకీ ఈ రాకపోకలు గిట్టుబాటు కావు. ఈ కత్తికి బజారు సరుకు పోటీ రానంత వరకు కమ్మరి తన గంటకు తాను ధర చెప్పగలడు. దానికి ముప్పు గీత వృత్తి తగ్గిపోవడం వల్ల రావాలి గానీ, చవక కత్తుల వల్ల కాదు.